అమ్మను అడగాల్సిన మాట

23 జూన్ 2003, సోమవారం

కేశవ తిరిగొచ్చాడు.

24 జూన్, మంగళవారం. బస్సు దిగి ఇంటికొచ్చాక

నిన్న ఒక్క ముక్క రాసి పెన్ను మూసేశాను. ఇవాళ కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకొని రాయాలి.

సెకండ్ ఇయర్ బి.ఏ. పిల్లలకు ఇంగ్లీషు నవల మొదలుపెట్టాలి. లైబ్రరీలో ఉన్నది ఒక్క కాపీ, దానికీ అట్ట లేదు. నిన్న నా నోట్స్ జిరాక్స్ తీయిద్దామని కాలేజీ ఎదురుగా కొత్తగా పెట్టిన షాపుకు వెళ్ళాను. మిషన్ వెనక నుంచి తలెత్తింది కేశవ. జుట్టు పల్చబడింది. ఎన్ని కాపీలు అన్నాడు. నలభై అన్నాను. బ్యాక్ టు బ్యాకా అన్నాడు. అవునన్నాను. ఏడేళ్ళ తర్వాత మేం మాట్లాడుకున్నది అంతే. బయటికొచ్చి క్లాసుకు వెళ్ళి చూసుకుంటే చేతిలో కాపీలూ లేవు, ఒరిజినలూ లేదు. అన్నీ అక్కడే వదిలేసి వచ్చాను. బాగుంది నా సంబడం.

మా ఊరు రాప్తాడు దాటాక హైవే మీద నుంచి లోపలికి. ఊళ్ళో పెద్ద ఇల్లు కేశవ వాళ్ళది. ఊరి బయట కాలనీలో చివరి ఇల్లు మాది. మా నాయన పోయేదాకా వాళ్ళ దగ్గర జీతగాడిగా ఉన్నాడు. అమ్మ ఇప్పటికీ వాళ్ళింటికి కూలికి పోతుంది, నేను వద్దని మొత్తుకున్నా సరే. నేనూ కేశవా ఒకే బస్సులో అనంతపురం వెళ్ళి డిగ్రీ చదివాం. చివరి పరీక్ష రోజు, ఇంట్లో చెప్పేస్తా, చేసుకుంటే నిన్నే అన్నాడు. చెప్పాడట కూడా. వాళ్ళ నాయన తినే కంచం మీద నుంచి తలెత్తకుండా వద్దు అన్నాడట. కేశవా తలెత్తలేదు. ఆ వారమే బెంగళూరు బస్సెక్కాడు. నాకు చెప్పి పోలేదు. ఇదంతా నాకు చేన్లో కలుపు తీసే ఆడవాళ్ళు చెప్పారు.

తర్వాత నేను ఎం.ఏ. చేశాను. లెక్చరర్ అయ్యాను. వాళ్ళ బోర్లు ఒకటొకటిగా ఎండిపోయాయి. వాళ్ళ నాయన రెండేళ్ళ కిందట పోయాడు. కేశవ పెళ్ళి మాత్రం ఎందుకు చేసుకోలేదో ఎవరికీ తెలియదు. నాకైతే అసలే తెలియదు.

26 జూన్, గురువారం

నోట్స్ కట్ట కట్టి కాలేజీకే తెచ్చిచ్చాడు. చదివాడట. మిషన్ వేడెక్కి ఆగినప్పుడల్లా ఒక పేజీ.

నవల కథ ఇది. ఒక పెద్దింటి పిల్ల. ఊళ్ళు కొలిచే సర్వేయర్ దగ్గర పనిచేసే కుర్రవాడు. పిల్లకు ఇష్టమే. మేనత్త వద్దంటుంది. పిల్ల సరేనంటుంది. వాడు పోతాడు. ఏళ్ళు గడిచాక ఆ పెద్దిల్లు వేలానికొస్తే కొనడానికి వాడే వస్తాడు. నా నోట్స్ సగం కథ దాకే. తర్వాత ఏమైతాది, వచ్చినోన్ని ఆ పిల్ల మళ్ళీ రానిస్తాదా అని అడిగాడు. అడగడంలో ఏదో ఆశ. తనను తాను ఆ సర్వేయర్ కుర్రాడనుకుంటున్నాడు! బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్కన కూర్చున్న ఆమె కాస్త దూరం జరిగింది.

30 జూన్, సోమవారం

క్లాసు. ఆ నవల్లో ప్రతి రెండో పేజీలో వాన పడుతుంది. పడినప్పుడల్లా అందరూ విసుక్కుంటారు, జలుబులు తెచ్చుకుంటారు. వానొస్తే ఏడుస్తారు యాల మేడమ్, ఈళ్ళకు పిచ్చా అని తిప్పేష్ అడిగాడు. చిలమత్తూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటాడు, నోటికి అడ్డు లేదు. ఆ పిల్ల బస్సెక్కి పోయుండొచ్చు గదా అని కూడా అన్నాడు. అప్పుడు బస్సుల్లేవన్నాను. గుర్రం బండి ఉండాది గదా మేడమ్ అన్నాడు. క్లాసంతా నవ్వింది.

ఎం.ఏ.లో ఈ నవల చదివి ఆ పిల్ల కోసం ఏడ్చాను. ఆ పిల్లను నేనే అనుకొని ఏడ్చాను. ఇవాళ చాక్‌పీసు పట్టుకొని నిలబడి ఉండగా తట్టింది. నేను ఆ పిల్లను కాను. నాకు పెద్దిల్లు ఎక్కడిది? వద్దనిపించుకున్నది నేను. ఆ సర్వేయర్ కుర్రవాణ్ణి నేనే. ఇంట్లో పెద్దవాళ్ళ మాటకు నోరు మూసుకున్నది కేశవ. అంటే పిల్ల కేశవ!

అయితే ఇప్పుడు ఎవరు ఎవరి కోసం ఎదురుచూడాలి? నవల్లో తిరిగొచ్చేది కుర్రవాడు. నేను ఎక్కడికీ పోనేలేదు. రోజూ అదే బస్సు. అంతా కలగాపులగం అయిపోయింది.

2 జూలై

కేశవకు చెప్పేశాను. నువ్వు ఆ హీరోవి కావు, ఆ పిల్లవి అన్నాను. మిషన్ ఆపేశాడు. అయితే ఆ పిల్లను ఆయప్ప మన్నిస్తాడా కృపా అన్నాడు. చివరి చాప్టర్ దాకా ఇంకా పోలేదన్నాను. అబద్ధం. ఆ చివరి చాప్టర్ నాకు దాదాపు కంఠతా వచ్చు.

5 జూలై, శనివారం

సాయంత్రం బస్సు రాలేదు. కేశవ హీరో హోండా మీద దింపాడు. వద్దనాల్సింది. ఎక్కాను. కాలనీ అంతా చూసింది. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, తాగండి సామీ అంది. చెంబు ఎత్తిపట్టి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకొని తాగాడు.

మా జిల్లాలో అందరూ అలాగే తాగుతారు. నేనూ అలాగే తాగుతాను. అమ్మా అంతే. మరి అతను తాగితే నాకెందుకు గుచ్చుకుంది? వేరే ఎవరైనా అయితే నేను చూసేదాన్నే కాదు. పాపం, దాహమేసి తాగినవాణ్ణి పట్టుకొని ఎంతదాకా పోయాను. కానీ గుచ్చుకున్న మాట నిజం.

8 జూలై

అడిగాడు.

9 జూలై, బుధవారం

నిన్న అంతకుమించి రాయలేకపోయాను.

అప్పుడు నోరు తెరవలేకపోతి, ఇప్పుడు తెరుస్తాండా అన్నాడు. వాళ్ళమ్మ గంగక్కకు చెప్పాడట. ఆమె రెండ్రోజులు అన్నం తినలేదట, మూడో రోజు సరే నీ ఇష్టమందట. నాకు టైమ్ కావాలన్నాను.

ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. నాకు అతనంటే ఇష్టం. ఏడేళ్ళుగా పోయిందనుకున్నాను, పోలేదు. అతని మీద నమ్మకమే లేదు. బోర్లు ఎండిపోకుండా ఉంటే వచ్చేవాడా? వాళ్ళ నాయన బతికుంటే? నేను మేడమ్‌ను కాకుండా ఇంకా అమ్మతో పాటు కలుపు తీస్తుంటే? నవల్లో ఇలాంటివి ఎవరూ అడగరు. కుర్రవాడికి డబ్బొస్తుంది, ప్రేమ కూడా ఎటూ పోకుండా అలాగే ఉంటుంది, చర్చిలో గంటలు మోగుతాయి. ఇంతకీ నేను భయపడుతున్నది ఒక్కదానికే. మళ్ళీ ఎవరో ఒకరు వద్దంటే మళ్ళీ తల దించుకుంటాడేమోనని. రెండోసారి అది నేను తట్టుకోలేను.

పెద్దోళ్ళు మొదట మాట్లాడుకుంటే బాగుంటాది, మీయమ్మకు కబురు పంపిస్తాం అన్నాడు. ఊ అన్నానో ఊహూ అన్నానో గుర్తులేదు. అమ్మకు ఇంకా చెప్పలేదు. చెప్పాలి.

11 జూలై, శుక్రవారం

నేనొచ్చేసరికి అమ్మ ఇంట్లో లేదు. చీకటి పడే ముందు వచ్చింది, కొంగులో చెనిక్కాయలు మూట కట్టుకొని. పొద్దున పెద్దింటి నుంచి మనిషొచ్చి రమ్మన్నాడట. విత్తనం కాయ ఒలిచేకి పిలిచినారు అంది. గంగక్క కూడా పక్కన కూర్చొని ఒలిచిందట, ఎప్పుడూ లేనిది. సాయంత్రం దాకా ఒలిస్తే కూలి కింద కాయలిచ్చారు. అమ్మ బొటనవేలు పగిలి నెత్తురు వచ్చింది. ఇంకొక్కసారి ఆ ఇంటికి పోతే చూడు అని అరిచాను. అమ్మ కాయలు వేయించి పెట్టింది. కోపంగానే తిన్నాను.

12 జూలై, శనివారం

పొద్దున షాపు ముందు కేశవ మైసూర్ పాక్ పొట్లంతో నిలబడి ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. నిన్న మీయమ్మ ఇంటికొచ్చి ఏం చెప్పింది అని అడిగాడు. కూలికి పిలిచి ఒలిపించుకున్నారని చెప్పింది అన్నాను.

అతని ముఖం చూడాలి. కూలికి కాదు, పెళ్ళి మాటకు పిలిపించినాం అన్నాడు.

నాకు అర్థం కావడానికి కొంచెం టైమ్ పట్టింది. ఆ ఇంటి నుంచి నల్లమ్మను రమ్మన్నారు అని తన పేరు వినబడితే అమ్మకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఒక్కటే అర్థం, పనికి రమ్మని. అందుకని చాట చంకన పెట్టుకొని వెళ్ళింది. వెనక వాకిలి నుంచి వెళ్ళి వసారాలో తన చోట తను కూర్చుంది. గంగక్క ఆ చాటను చూసింది. చూశాక పెళ్ళి మాట గొంతులోనే ఆగిపోయింది కాబోలు, కాయల మూట మాత్రం బయటికొచ్చింది. పొద్దంతా ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చొని ఒలిచారు. సాయంత్రం కేశవ అడిగితే, ఆయెలే అందట వాళ్ళమ్మ. ఇతను వెళ్ళి మైసూర్ పాక్ కొన్నాడు!

నువ్వెక్కడున్నావు అని అడిగాను. ముందర గదిలోనే ఉంటి, ఆడోళ్ళు మాట్లాడుకుంటాంటే నడమ మగోనికి ఏం పని అని రాలేదు అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. వాళ్ళింట్లో మగవాళ్ళు వెనక వసారాకు రారు. అయినా నాకు ఒళ్ళు మండింది.

పిల్లను అడగాలంటే ఎవరైనా పిల్ల ఇంటికి వస్తారు. మా కాలనీలో తిండికి లేనివాడు కూడా వక్కాకు తీసుకొని పిల్ల ఇంటి గడప తొక్కి అడుగుతాడు. పిల్ల తల్లిని మనిషిని పంపి పిలిపించుకోవడం ఎక్కడుంది? అది తప్పని అతనికి తోచనే లేదు. చదువుకున్నాడు, బెంగళూరులో ఉన్నాడు, అయినా తోచలేదు. మీ అమ్మ మా ఇంటికి రావాలి, అందరూ అడిగినట్టు అడగాలి, అప్పటిదాకా నాతో మాట్లాడొద్దు అని చెప్పి వచ్చేశాను.

మైసూర్ పాక్ పొట్లం మాత్రం నా బ్యాగులో ఉంది. ఎందుకు తెచ్చుకున్నానో తెలియదు.

13 జూలై, ఆదివారం

చర్చిలో పాస్టరు ఏం చెప్పాడో ఒక్క ముక్క ఎక్కలేదు. ఇంటికొచ్చాక అమ్మకు అంతా చెప్దామని నోరు తెరిచాను. పగిలిన వేలికి నూనె రాసుకుంటోంది. మూసుకున్నాను. కేశవను నోరు లేదని తిడుతున్నాను గానీ, నాకు మాత్రం ఉందా?

18 జూలై

షాపు మూసి ఉంది. నాలుగు రోజులుగా మూసే ఉంది. మంచిదే. పీడా పోయింది. మధ్యాహ్నం ఇంకోసారి వెళ్ళి చూశాను. మూసే ఉంది.

22 జూలై, మంగళవారం

చివరి చాప్టర్ అయిపోయింది. పెండ్లయింది సరే, ఆ మేనత్త ఏమాయె మేడమ్ అని తిప్పేష్ అడిగాడు. వద్దన్నందుకు ఏమన్నా అనిందా, ఆయప్ప ముందరికొచ్చి నిలబడిందా అని. పేజీలు తిప్పాను. మేనత్త లేదు. ఇద్దరూ చేతులు పట్టుకొని తోటలో నడుస్తున్నారు, అంతే. ఇన్నిసార్లు చదివాను, నేనెప్పుడూ ఆమె కోసం వెతకలేదు. అది పరీక్షలో రాదు, కూర్చో అన్నాను.

27 జూలై, ఆదివారం

వచ్చారు.

మధ్యాహ్నం మూడింటప్పుడు గంగక్క గొడుగేసుకొని కాలనీలోకి నడిచొచ్చింది. వెనక కేశవ. ఊరికీ మా కాలనీకీ మధ్య ఒక్క వంక ఉంది, అందులో నీళ్ళు కూడా లేవు. ఆమె ఇంత వయసొచ్చి ఎన్నడూ దాన్ని దాటి రాలేదు. జనం పనులు మానేసి గడపల్లో నిలబడ్డారు. నేను పొయ్యి గదిలోకి దూరాను.

అమ్మ కుర్చీ తుడిచి వేసింది. గంగక్క కూర్చుంది. అమ్మ నిలబడే ఉంది. తట్టలో వక్కాకు, పండ్లు, పూలు తెచ్చారు. కుంకుమ భరిణె కూడా ఉంది. గోడ మీద సిలువ చూసి గంగక్క ఆ భరిణెను తీసి కొంగులో దాచుకుంది. నాకు ఆమె మీద హఠాత్తుగా జాలేసింది. తర్వాత అడిగింది. నల్లమ్మా, నీ బిడ్డను మా కేశవకు ఇస్తావా అని.

నా భయమల్లా అమ్మ ఆమె కాళ్ళ మీద పడుతుందేమోనని. అంత భాగ్యమా తల్లీ అంటుందేమోనని.

అమ్మ, నాకిష్టం లేదు గంగక్కా అంది.

అమ్మా అనకుండా ఆమెను పేరు పెట్టి పిలవడం నేను వినడం అదే మొదలు. గంగక్కకు ఒక క్షణం అర్థం కాలేదు. తను రావడమే కష్టం గానీ, వచ్చాక లేదనేవాళ్ళుంటారని ఆమె అనుకోలేదు. వద్దనిపించుకున్న ఆ ముఖం నాకు మాత్రం బాగా తెలుసు. ఆ రోజు చాట చూసి సిగ్గుతో నోరు పెగల్లేదని, దానికి కోపం పెట్టుకోవద్దని గంగక్క అంది. అమ్మ కోపం లేదంది. మధ్యాన్నానికే నాకు తెలిసె అంది. ఆకాశంలో మబ్బు లేదు, నేలలో పదును లేదు, ఇప్పుడు ఒలిచిపెడితే విత్తనం పుచ్చిపోతాది, ఈ కాలంలో ఎవురన్నా ఒలిపిస్తారా అంది. నువ్వొచ్చి పక్కన కూచున్నప్పుడే ఇది వేరే మాట అనుకుంటి. ఎవురో ఒకరు నోరు తెరుస్తార్లే అని ఒలుస్తానే ఉంటి. వాకిలి కాడ ఈ సామి కాళ్ళు గూడా కనపడె. వచ్చె, నిలబడె, మళ్ళీ పాయ. పొద్దుగూకె. ఇంగ కాయలు కట్టుకొని లేస్తి.

గట్టిగా కూడా అనలేదు. ఏదో బజారు సంగతి చెప్పినట్టు చెప్పింది. పొయ్యి గదిలో నాకు ఏడుపు ఆగలేదు. ఆ పగిలిన వేలితో అమ్మ సాయంత్రం దాకా ఒక్క మాట కోసం కూర్చుంది. నేనేమో ఇంటికొచ్చాక అరిచాను.

నా బిడ్డ చదువుకునింది, దాని ఇష్టం దానిది, నేను అడ్డం పడను అని కూడా అంది అమ్మ. నన్ను అడిగినారు కాబట్టి నా మాట చెప్తి అంది. గంగక్క తట్ట అక్కడే పెట్టి లేచి వెళ్ళిపోయింది. కేశవ వెళ్ళలేదు. ఆడోళ్ళ మాటలని కాదు, నేను వాకిలి దాకా వస్తి, నిన్ను చూసి లోపలికి వచ్చేకి ధైర్యం చాల్లేదు అని అమ్మతో చెప్పాడు. తల దించుకొని కాదు. ఆ మాట ఆ పొద్దే చెప్పింటే బాగుండు సామీ అంది అమ్మ.

ఇప్పుడు నేనేం చేయాలి? వాళ్ళమ్మ మా గడప తొక్కాలన్నాను, తొక్కింది. సరే అనడానికి నేను సిద్ధంగా ఉన్నాను. పొద్దున చర్చికి కట్టుకున్న మంచి చీర కూడా ఇంకా మార్చుకోలేదు. ఇంతలో అమ్మ ఇష్టం లేదంది. వద్దంటే పోట్లాడేదాన్ని. వద్దనలేదు. తనకిష్టం లేదంది, అంతే. ఆ నవల్లో మేనత్త వద్దంది కాబట్టి ఆ పిల్ల పని సులువు, అత్త మీద తోసేసి ఏడుస్తూ కూర్చుంది. నాకు తోసేయడానికి ఎవరూ లేరు.

28 జూలై, సోమవారం

షాపు తెరిచాడు. వెళ్ళి చెప్పాను. నన్ను కాదు, మా అమ్మను అడుగు. ఆమెకు ఇష్టమయ్యేదాకా అడుగు. మీ అమ్మను పంపొద్దు, నువ్వు పో. ఎప్పటికీ ఇష్టం కాకపోతే అన్నాడు. తెలియదన్నాను. నీకు ఇష్టమేనా అన్నాడు. అది నీకు తెలుసు, దాని జోలికి రావద్దన్నాను. ఆ నవల్లో ఇట్లా ఉండాదా అన్నాడు. లేదు అన్నాను.

నేను చేసింది న్యాయమో మొండితనమో నాకే తెలియడం లేదు.

3 ఆగస్టు, ఆదివారం

వచ్చాడు. అమ్మ గడియ తీయలేదు. ఎండలో నిలబడి నిలబడి పోయాడు.

10 ఆగస్టు, ఆదివారం

వచ్చాడు. అమ్మ సగం తలుపు తీసి, వాన లేదు ఏం లేదు అని రెండు మాటలు మాట్లాడి మూసేసింది. కాలనీ వాళ్ళు నన్ను ఆపి ఏందమ్మా ఇది అంటున్నారు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

17 ఆగస్టు

రాలేదు. పొద్దంతా వాకిలి వైపే చూశాను. సాయంత్రం చూస్తే అమ్మ కూడా అదే పనిలో ఉంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకొని ముఖాలు తిప్పుకున్నాం.

24 ఆగస్టు, ఆదివారం

వచ్చాడు. పోయిన వారం జ్వరమట. అమ్మ మంచం వాల్చింది. ఆ చివర తను, ఈ చివర కేశవ. నేను లోపల యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నాను. మాటలు సరిగా వినబడలేదు. ఒకసారి ఇద్దరూ గట్టిగా నవ్వారు. నాకెందుకో చాలా కోపం వచ్చింది.

అతను పోయాక, ఏం మాట్లాడుకున్నారే అని అడిగాను. నీకెందుకు, ఆ పిల్లోడు వచ్చింది నాతో మాట్లాడేకి అంది.